మందిరానికి రూపమిచ్చే కళాకారుడు విశ్వాసి అయి తీరాలా?

చర్చ ప్రారంభించినవారు:
సభ్యులందరికీ వందనాలు. ఆరాధనా మందిరపు కట్టడాన్ని గానీ, అందులో ఉంచే చిత్రాన్నీ శిల్పాన్నీ గానీ క్రైస్తవ విశ్వాసం లేని కళాకారునికి అప్పగించవచ్చా? అప్పగించకూడదన్నది నా అభిప్రాయం. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయుల ఆరాధనా స్థలమైన ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలు అనే పనివానిని పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడని చదువుతాం. చేతి నేర్పు ప్రస్తావన ఆ తరువాతే వస్తుంది. మాస్కోలో 1551లో జరిగిన రష్యా సంఘపు స్తోగ్లావ్ సభ కూడా ఐకాన్ (ప్రార్థనలో వాడే పవిత్ర చిత్రం) చిత్రకారులు వినయంతో, పవిత్రమైన నడవడితో ఉండాలని, ఐకాన్ చిత్రకారుడు రూబ్ల్యోవ్ వంటి పూర్వుల మాదిరిని అనుసరించాలని నియమం పెట్టింది. ప్రార్థన ఎరుగని చేయి గీసిన చిత్రం ముందు మోకరించడానికి నా మనసు ఒప్పుకోదు.

రెండవ సభ్యుడు:
బెసలేలు గురించి మీరు చెప్పినది నిజమే గానీ, సొలొమోను మందిరాన్ని మీరు విడిచిపెట్టారు. దాని ఇత్తడి స్తంభాలను పోతపోసిన హీరాము తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరు పట్టణస్థుడు. 1 రాజులు 7వ అధ్యాయం అతని పనితనాన్నే మెచ్చుకుంటుంది; అతని భక్తిని గురించి ఒక్క మాటా చెప్పదు.

ఇటీవలి ఉదాహరణ ఫ్రాన్సులో ఉంది. అస్సీ పీఠభూమి మీద, క్షయరోగుల శానటోరియంల నడుమ నిర్మించిన చర్చికి 1950లో ప్రతిష్ఠ జరిగింది. దాని కళాకృతుల విషయంలో సలహాలిచ్చిన కతోలిక డొమినికన్ సభకు చెందిన గురువు కుతూరియే, ప్రతిభ లేని విశ్వాసుల కన్నా విశ్వాసం లేని ప్రతిభావంతులే మేలని వాదించి, కమ్యూనిస్టు అయిన చిత్రకారుడు లెజేను, యూదుడైన శిల్పి లిప్‌షిట్స్‌ను పనికి పిలిపించాడు. తాను పితరుల విశ్వాసానికి కట్టుబడిన యూదుడినని లిప్‌షిట్స్ తాను చేసిన మరియ శిల్పం మీదనే రాశాడు. పైకి భక్తి నటిస్తూ చేసిన అందమైన బొమ్మ కన్నా ఆ నిజాయితీ మందిరానికి ఎక్కువ తగినదని నేను నమ్ముతాను.

అక్కడే శిల్పి జెర్మేన్ రిషియే చేసిన కంచు సిలువ మీద పెద్ద వివాదం రేగింది. ముఖం పోల్చుకోవడానికి వీలులేకుండా, దేహం దాదాపు కొయ్యలో కలిసిపోయినట్టుండే ఆ క్రీస్తు రూపం భక్తికి అవమానమని నిరసనలు రావడంతో, 1951లో బిషప్ ఆదేశం మేరకు దాన్ని బలిపీఠం నుంచి తీసివేశారు. చాలా ఏళ్లకు గానీ తిరిగి పెట్టలేదు. బాధననుభవించే సేవకునికి సురూపం గానీ సొగసు గానీ లేదని యెషయా 53వ అధ్యాయం చెబుతుండగా, మనం అలవాటుపడిన నునుపైన, అందమైన సిలువలే వాక్యానికి దూరం కావా?

మూడవ సభ్యురాలు:
సోదరులారా, మీరిద్దరూ వేర్వేరు వస్తువులను ఒకే తూకం వేస్తున్నారు. 787లో సంఘ నాయకుల రెండవ నికేయా సభ, చిత్రానికి చేసే గౌరవం అందులోని వ్యక్తికే చేరుతుందని, ఆరాధన మాత్రం దేవునికే చెందుతుందని తేల్చింది. ఆ సంప్రదాయంలో ఐకాన్ ప్రార్థనలో భాగం కనుక, చిత్రకారుని జీవితాన్ని అడగడం న్యాయమే. గోడకు, కిటికీకి, వెలుతురుకు ఆ నియమం వర్తించదు. ఫ్రాన్సులో 1955లో పూర్తయిన రోన్‌షాన్ చర్చిలో, మందమైన దక్షిణపు గోడకు పెట్టిన చిన్నాపెద్దా కిటికీలలోంచి లోపలికి వచ్చే వెలుగు మనిషిని మౌనంలోకి తీసుకువెళ్తుంది; దాన్ని రూపొందించిన వాస్తుశిల్పి లె కార్బూజియే చర్చికి వెళ్లే భక్తుడు కాడు. మత సంస్కరణ కాలంలో, 1524లో, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చర్చిలలో చిత్రాలు తీసివేసినప్పుడు మిగిలిన ఖాళీ గోడ కూడా, వాక్యం వినడానికి ఎంచుకున్న ఒక రూపకల్పనే. కాబట్టి కట్టడం చేసేవాని విశ్వాసం కన్నా, సంఘం ఎక్కడ నిలబడి వాక్యం చదువుతుందో, ప్రభువు బల్ల చుట్టూ ఎలా చేరుతుందో అతడు ఓపికగా విన్నాడా అన్నదే నేను ముందు అడుగుతాను.

చర్చ ప్రారంభించినవారు:
హీరామును నేను నిజంగానే మరచిపోయాను. గోడల విషయంలో సోదరి మాటను అంగీకరిస్తున్నాను. అయితే బలిపీఠం మీది సిలువ కిటికీ వంటిది కాదు. సోదరి చెప్పిన తూకం ప్రకారమే అది ఐకాన్ వైపు చేరుతుంది. రిషియే సిలువను తీసివేయడం తొందరపాటేనని ఇప్పుడు అనిపిస్తున్నా, అక్కడ ప్రార్థించవలసిన సంఘాన్ని ముందుగా సంప్రదించి ఉండవలసిందన్న మాట మీద నేను నిలబడే ఉన్నాను.