సమస్యాపూరణం: గోడ లేని యింట గోడబొమ్మ

హనుమకొండ (నిర్వహణ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి.

*గోడ లేని యింట గోడబొమ్మ*

విషయం కంప్యూటరు తెర. డెస్క్‌టాప్ మీద పెట్టుకునే వాల్‌పేపర్, ఒకే తెరను నాలుగు తెరలుగా వాడుకునే వర్చువల్ డెస్క్‌టాప్‌లు, ఏదైనా తీసుకోండి. డెస్క్‌టాప్ అంటే బల్ల పైభాగమని, వాల్‌పేపర్ అంటే గోడకు అంటించే కాగితమని మొన్న మా పాపకు చెప్పాను. "మరి గోడకాగితం బల్ల మీద ఎందుకు వేశారు నాన్నా?" అని అడిగింది. ఈ పాదం ఆ ప్రశ్నలోంచి వచ్చింది.

కొత్తవాళ్ళ కోసం: పలకడానికి ఎక్కువ సమయం పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు, వాటి గుంపు గణం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (న, హ), తర్వాత రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. ప్రాస నియమం లేదు. ఈసారి నా షరతు ఇంకొకటి ఉంది. పద్యంలో చెప్పింది తెర మీద నిజంగా జరగాలి. ఊహ ఎంత బాగున్నా కంప్యూటరు ఆ పని చేయకపోతే పూరణ నిలవదు.

పరకాల తమ్ముడు:
సార్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పద్యం రాయడం ఇదే మొదటిసారి.

*డెస్కుటాపు నిండ ఫైళ్ళుండె గుంపుగా*
*బొమ్మ యెక్కడుందొ పోల్చలేము*
*చెత్త తీసి చూడగా భద్రకాళి చెరువు*
*గోడ లేని యింట గోడబొమ్మ*

హనుమకొండ:
తమ్ముడూ, మొదటిసారే ఇంత దూరం వచ్చావంటే సంతోషం. రెండో పాదం నిక్కంగా ఉంది. బొ, పో రెండూ ప వర్గం, అచ్చులకూ మైత్రి ఉంది. డెస్క్‌టాప్‌ను 'డెస్కుటాపు' చేసి అజంతంగా (అచ్చుతో ముగిసేలా) మార్చుకోవడం కూడా పద్యానికి కావలసిన పనే.

ఇక తప్పులు. మొదటి పాదం: డెస్కు - టాపు - నిండ - ఫైళ్ళుండె - గుంపుగా. గణాలు కుదిరాయి, కానీ 'డె'కు 'ఫై'తో యతి చెల్లదు. డె, డి, టె, టి లాంటి అక్షరంతో మొదలయ్యే మాట వెతుకు. మూడో పాదం: చెత్త - తీసి - చూడ - గాభద్ర - కాళిచె, ఇక్కడికి పాదం అయిపోయింది. 'రువు' బయట మిగిలింది. యతి కూడా 'చె'కు 'గా' పడింది. భద్రకాళి పేరు వదిలెయ్. వరంగల్‌లో చెరువుగట్టు అంటే ఏ గట్టో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ 'చె'నే యతిస్థానంలోకి తెచ్చుకో.

కాజీపేట అక్క:
తమ్ముడూ, ఫైళ్ళు తీసేయకుండా కూడా బొమ్మ చూడొచ్చు. విండోస్‌లో ఖాళీ చోట కుడి బటన్ నొక్కి, 'వ్యూ'లో 'షో డెస్క్‌టాప్ ఐకాన్స్' దగ్గర టిక్ తీసెయ్. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, కనబడవంతే.

పరకాల తమ్ముడు:
థాంక్స్ అక్కా. నాది పాత ల్యాప్‌టాప్, లైనక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ వేసుకున్నాను. దాంట్లోనూ ఐకాన్లు దాచొచ్చు. కానీ పద్యం కోసం నిజంగానే శుభ్రం చేస్తా.

ఖిలా వరంగల్ అన్న:
ఇది నా పూరణ.

*కిటికిలోన కిటికి! కీర్తితోరణములు*
*నాల్గు తెరల మీద నాల్గు నిలిచె;*
*ఓరుగల్లు కోట యొదిగె నా బల్లపై*
*గోడ లేని యింట గోడబొమ్మ!*

నాలుగు డెస్క్‌టాప్‌లు పెట్టుకున్నా. ఒక్కోదానికి ఒక్కో తోరణం, నాలుగు దిక్కుల నుంచి నేనే తీసిన ఫోటోలు. పొద్దున తూర్పు తోరణంతో పని మొదలుపెడతా.

జనగామ సార్:
'కిటికిలోన కిటికి' అన్న ఎత్తుగడ చాలా బాగుంది. విండోస్ అన్న మాట ఎక్కడా అనకుండా విండోస్ చెప్పారు. గణ, యతులు సలక్షణంగా ఉన్నాయి. నాకు ఒక సందేహం. ఓరుగల్లు కోటకు రాతిగోడ ఉంది, దాని బయట మట్టిగోడ ఉంది. ఆ కోటను తెచ్చి 'గోడ లేని యింట' పెడితే అర్థం ఎదురు తిరగదా?

ఖిలా వరంగల్ అన్న:
సార్, ఇక్కడ ఇల్లు కోట కాదు, కంప్యూటరు. అయినా మీ ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉంది. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఆ నాలుగు తోరణాలు ఉన్నాయి. మధ్యలో స్వయంభూ శివాలయం శిథిలమై పడి ఉంది. తోరణాలకు తలుపు లేదు, పక్కన గోడ లేదు. ఆరుబయట ద్వారాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఒక తోరణం కింద నిలబడి చూస్తే ఎదురుగా ఇంకో తోరణం కనిపిస్తుంది. నేను తెర మార్చినప్పుడల్లా నాకు ఆ నడకే గుర్తొస్తుంది.

జనగామ సార్:
ఒప్పుకున్నాను. ఈ వివరణ విన్నాక పద్యం ఇంకో మెట్టు పైకి వెళ్ళింది.

హనుమకొండ:
అన్నా, నా షరతు ప్రకారం ఒకటి చెప్పాలి. 'నాల్గు తెరల మీద నాల్గు' అన్నది విండోస్ 11లో నిజం. టాస్క్ వ్యూ (డెస్క్‌టాప్‌లన్నిటినీ ఒకచోట చూపించేది) తెరిచి డెస్క్‌టాప్ బొమ్మ మీద కుడి బటన్ నొక్కితే దాని వాల్‌పేపర్ దానికే పెట్టుకోవచ్చు. 2015లో వచ్చిన విండోస్ 10లో డెస్క్‌టాప్‌లు ఎన్ని పెట్టినా అన్నిటికీ ఒకటే బొమ్మ. పాత సిస్టమ్ ఉన్నవాళ్ళు ఈ పద్యం చదివి తమ కంప్యూటరు చెడిపోయిందేమో అనుకోవద్దు.

పరకాల తమ్ముడు:
ఎక్స్‌ఎఫ్‌సీఈలో అవుతుంది సార్. 'అప్లై టు ఆల్ వర్క్‌స్పేసెస్' టిక్ తీస్తే దేని బొమ్మ దానికే. ఇప్పుడే చూశా.

కాజీపేట అక్క:
ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. ఒకసారి మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తుంటే పాప రైమ్స్ వీడియో మీదికి వచ్చి, ఏం నొక్కాలో తోచక ఒకటే టెన్షన్ పడ్డాను. ఆ సాయంత్రమే తెరను రెండు గదులు చేశాను.

*కొలువు కొక్క గదియు, కూతురి చదువుకు*
*వేరు గదియు, లేదు వెదురుతడిక!*
*వేలు కదప మారు వేరొక్క లోకమై*
*గోడ లేని యింట గోడబొమ్మ!*

జనగామ సార్:
అమ్మా, మూడో పాదం సమస్యలోకి జారిన తీరు చూడండి. 'వేరొక్క లోకమై మారు' అన్న క్రియకు కర్త గోడబొమ్మ. చాలామంది పూరణల్లో నాలుగో పాదం విడిగా అతికించినట్టు ఉంటుంది. ఇక్కడ అతుకు కనబడలేదు. 'చదువుకు' అన్నది వ్యావహారికం, గ్రాంథికంలో 'చదువునకు' అనాలి. ఇంటి మాట చెప్తున్నారు కాబట్టి నేను పట్టించుకోను.

హనుమకొండ:
'లేదు వెదురుతడిక' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విండోస్ డెస్క్‌టాప్‌ల అసలు సంగతి అదే. తెరిచిన విండోలు మాత్రమే గదికి గది వేరు. ఐకాన్లు అన్ని గదుల్లోనూ అవే, ఫైళ్ళు అవే. ఈ గదిలో కాపీ చేసింది ఆ గదిలో పేస్ట్ అవుతుంది. నడుమ నిజంగానే తడిక కూడా లేదు. మన వైపు 'తడక' అన్నా మూడు లఘువులే, పాదం చెడదు.

ఈ 'గది' అన్న మాట కూడా సరిగ్గా పడింది. 1986లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లోని పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ ఇలాంటి ఏర్పాటే చేసి దానికి 'రూమ్స్' అని పేరు పెట్టారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీసుకుపోయే గుర్తులను 'డోర్స్' అన్నారు. చిన్న తెర మీద విండోలు ఒకదాని మీద ఒకటి పడి చోటు చాలకపోవడమే వాళ్ళ బాధ. అక్కయ్య బాధ కూడా అదే కదా.

ఒక్క సవరణ అక్కా. టచ్‌ప్యాడ్ మీద డెస్క్‌టాప్ మారాలంటే ఒక వేలు చాలదు, నాలుగు వేళ్ళు కలిపి జరపాలి. కీబోర్డు అయితే కంట్రోల్, విండోస్ మీటలు పట్టుకుని బాణం గుర్తు నొక్కాలి.

కాజీపేట అక్క:
నిజమే! అయితే 'వేళ్ళు కదప' అంటాను. 'వేళ్ళు' కూడా గురువు, లఘువే. యతి కూడా పోదు. సార్, ఒక గది మూసేస్తే అందులో తెరిచినవన్నీ పోతాయా? ఆ భయంతో ఇంతవరకూ ఏదీ మూయలేదు.

హనుమకొండ:
పోవు. ఆ విండోలన్నీ పక్క గదిలోకి వచ్చేస్తాయి. ధైర్యంగా మూయండి.

జనగామ సార్:
పనిలో పనిగా నాదొకటి.

*పచ్చగడ్డి గుట్ట, పైన నీలాకాశ*
*మందు తెల్లమబ్బు మందగాను;*
*చిన్ననాటి తెరకు చిరునామ యదియయ్యె*
*గోడ లేని యింట గోడబొమ్మ!*

చిన్ననాటి అన్నది మా విద్యార్థుల తరఫున. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గుట్ట బొమ్మ. బడి కంప్యూటర్ల గదిలో మిషన్లన్నీ ఆన్ చేస్తే గోడ పొడుగునా గుట్టలే.

ఖిలా వరంగల్ అన్న:
'మబ్బు మంద' మన గొర్రెల మందలాగే ఉంది సార్! అది కంప్యూటర్లో గీసిన బొమ్మ కదా?

జనగామ సార్:
కాదు, ఫోటో. 1996లో కాలిఫోర్నియాలో చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫర్ ఫిల్మ్ కెమెరాతో తీశారు.

జగిత్యాల:
అన్నా, నేను దుబాయిలో ఉంటా. డ్యూటీ అయ్యాక రాసిన. తప్పులుంటే చెప్పండి.

*పడక యొకటె నాది పదిమంది గదిలోన;*
*తెరను తెరువ నమ్మ దిద్దు ముగ్గు!*
*ముంగిలయ్యె నాకు మునిమాపు వేళలో*
*గోడ లేని యింట గోడబొమ్మ!*

ఇక్కడ నాకంటూ ఒక గోడ లేదు. మంచం పక్కన మేకు కొట్టడానికి కూడా ఒప్పుకోరు. చెల్లె వాట్సాప్‌లో పంపిన అమ్మ ముగ్గు ఫోటో ల్యాప్‌టాప్‌కు పెట్టుకున్నా.

జనగామ సార్:
నాయనా, తప్పుల్లేవు. 'తె'కు 'ది' యతి చక్కగా చెల్లింది. త, ద ఒకే వర్గం, ఎ, ఇ మైత్రి ఉన్న అచ్చులు. తెరువన్ + అమ్మ, 'తెరువ నమ్మ'. ద్రుతం (చివరి 'న్') మీద అమ్మ వచ్చి నిలబడింది. 'మునిమాపు' (సాయంసంధ్య) అన్న మాట ఈ మధ్య ఎవరి నోటా వినలేదు, ఎన్నాళ్ళకు విన్నాను!

హనుమకొండ:
మేమంతా ఇల్లు ఉండి తెరను అలంకరించుకున్నాం. నువ్వు తెరనే ఇల్లు చేసుకున్నావు. ఈ వారం నా మనసుకు తగిలిన పూరణ ఇదే తమ్ముడూ.

జగిత్యాల:
మీ మాటకు కండ్లు చెమ్మగిల్లినయ్ అన్నా. ఒక సందేహం. ముగ్గు తెర మీద సరిగ్గ పడత లేదు. ఒక తీరు పెడితే రెండు పక్కల ఖాళీ వస్తుంది, ఇంకో తీరు పెడితే ముగ్గు పైనా కిందా తెగిపోతుంది.

హనుమకొండ:
ఫోటో నిలువుగా తీసింది, తెర అడ్డంగా ఉంది. 'ఫిట్' పెడితే మొత్తం కనిపిస్తుంది కానీ పక్కలు ఖాళీ. 'ఫిల్' పెడితే తెర నిండుతుంది కానీ అంచులు తెగుతాయి. ఈసారి ఫోన్ అడ్డంగా పట్టుకుని, గడప కూడా పడేట్టు కొంచెం దూరం నుంచి తీయమని చెల్లెకు చెప్పు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమను, అప్పుడు స్పష్టత తగ్గదు. అప్పటిదాకా 'ఫిట్' పెట్టి, పక్కల ఖాళీకి మట్టిరంగు ఎంచుకో. అలికిన వాకిలి లాగా కలిసిపోతుంది.

జగిత్యాల:
పెట్టిన అన్నా. అచ్చం మా వాకిలే.

పరకాల తమ్ముడు:
సార్, సవరించి తెచ్చాను. చూడండి.

*డెస్కుటాపు నిండ డెబ్బది ఫైళ్ళుండె*
*బొమ్మ యెక్కడుందొ పోల్చలేము*
*చెత్త తీసి చూడ చెరువుగట్టగుపించె*
*గోడ లేని యింట గోడబొమ్మ!*

హనుమకొండ:
డె-డె, చె-చె. డెబ్బది - ఫైళ్ళుండె, భ గణం, త గణం. చెరువుగ - ట్టగుపించె, నగము, సలము. అన్నీ కుదిరాయి తమ్ముడూ! ఇక నా షరతు. తెర మీద నిజంగా 70 ఉన్నాయా, యతి కోసం వేశావా?

పరకాల తమ్ముడు:
లెక్కపెడితే 74 వచ్చాయి సార్. 'డెబ్బది నాలుగు' పాదంలో పట్టలేదు. నాలుగు పాత హాల్‌టికెట్ల పీడీఎఫ్‌లు ఉంటే తీసేశాను. ఇప్పుడు సరిగ్గా 70. ఫోటో తీసి పెట్టుకున్నా. మిగతావి సర్దడం రేపు పొద్దున మొదలుపెడతా.