నొగుచి టేబుల్: పాతదో కాదో ఎలా తేల్చాలి?

వాల్‌నట్_వాసు: న్యూజెర్సీలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే జపనీస్-అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి డిజైన్ చేసిన గాజు కాఫీ టేబుల్ దొరికింది. ముద్ర ఎక్కడా లేదు. దీన్ని తయారుచేసిన అమెరికన్ ఫర్నిచర్ కంపెనీ హెర్మన్ మిల్లర్ వాళ్ళదేనా? పాలిష్ చేయించొచ్చా? గాజు ఇంటికి ఎలా తేవాలి?

గాజుపని: అంచు కొలవండి. తొలి రోజుల్లో గాజు మందం 7/8 అంగుళం. 1960ల మధ్యలో 3/4కి తగ్గించారు.

చెక్కచేతి: పగిలితే గాజు మారుస్తారండీ, దాంతో ఏం తేలుతుంది? ఏళ్ళ తరబడి చెక్కపనిలో ఉన్నవాణ్ణి, చెబుతున్నా వినండి. కింద ఒకే ఆకారంలో రెండు ముక్కలు, ఒకటి తిరగేసి, మధ్యలో కడ్డీతో కలుపుతారు. విప్పి లోపలి చెక్క చూడండి. పైన రంగు, లోపల తెల్లగా ఉంటే నకలేమోనని అనుమానించండి. చెర్రీ అయితే మీ పంట పండినట్టే, 1947లో తప్ప చేయలేదు.

గాజుపని: నేను గాజు ఒక్కటే చూడమనలేదు, మొదలు అక్కడ పెట్టమన్నాను.

మాదాపూర్_మధు: మా కార్పెంటర్ టేకుతో అచ్చం ఇలాంటిదే చేసిచ్చాడు. మూడు కాళ్ళ టేబుల్‌కి ఇంత టెన్షన్ ఎందుకు?

శారద_సియాటిల్: ఇదే మాట నొగుచితోనూ అన్నారు! 1939లో రాబ్స్‌జాన్-గిబ్బింగ్స్ అనే డిజైనర్‌కి చిన్న నమూనా చేసిచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపనీస్-అమెరికన్లను నిర్బంధించిన అరిజోనాలోని పోస్టన్ శిబిరంలో నొగుచి ఉండగా, దాని పోలికతోనే టేబుల్ ఆ డిజైనర్ ప్రకటనలో కనపడింది. నిలదీస్తే, మూడు కాళ్ళ టేబుల్ ఎవరైనా చేస్తారన్నాడు. ఆ కసితో చేసిందే ఇది.

మాదాపూర్_మధు: నేను అమ్ముకోవట్లేదు కదా మేడమ్, మా హాల్లో పెట్టుకున్నాను. లక్షలు పోసి కొనే స్తోమత అందరికీ ఉంటుందా?

శారద_సియాటిల్: వాడుకోండి, కాదనను. అచ్చం అనొద్దు. పారిస్‌లో ప్రసిద్ధ శిల్పి బ్రాంకూసి దగ్గర పని నేర్చుకున్న శిల్పి నొగుచి. ఆ కాలు ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుందో ఓసారి చేత్తో తడిమి చూడండి.

పాతసామాను: అసలు అరుదైనది టేబుల్ కాదు, నొగుచిదే ఐఎన్-70 అనే సోఫా. నదిలో నునుపెక్కిన రాయిలా ఉంటుంది. అప్పట్లో చేసినవే బాగా తక్కువ.

చెక్కచేతి: వాసు గారూ, ఇసకకాగితం మాత్రం పెట్టకండి. పాత రంగు పోతే విలువ పోయినట్టే.

క్వీన్స్_కిరణ్: మా దగ్గర లాంగ్ ఐలాండ్ సిటీలో ఆయన మ్యూజియం ఉంది, 1985లో ఆయనే పెట్టారు. రాతిపని చూడ్డానికైనా వెళ్ళండి. ఇంతకీ మా అకారి దీపం (నొగుచి చేసిన కాగితం దీపం) కాగితం పిల్లలు చించేశారు, అతికించొచ్చా?

పాతసామాను: అతికిస్తే వెలిగించినప్పుడు మచ్చ కనిపిస్తుంది. కాగితం గూడు విడిగా అమ్ముతారు, సైజు నంబర్ చూసి తెప్పించుకోండి.