స్కూలుకు ఇచ్చిన విరాళాల లెక్క ఎలా అడగాలి?

మా పాప స్కూల్లో ఏడాది పొడవునా ఏదో ఒక పేరుతో వసూళ్లు జరుగుతూనే ఉంటాయి. లైబ్రరీకని, ఆటస్థలానికని, వార్షికోత్సవానికని. ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఇచ్చింది ఎటు పోతోందో తెలియకపోవడమే బాధ. లైబ్రరీ కోసం అందరం ఇచ్చాం. అక్కడ ఒక్క కొత్త పుస్తకం కనిపించలేదు గానీ, ఆఫీసు గదిలో మాత్రం కొత్త ఫర్నిచర్ వచ్చింది. అది మా డబ్బేనని నేను అనడం లేదు. లెక్క చూపిస్తేనే కదా తెలిసేది!

పిల్లల చేత వస్తువులు అమ్మించడం ఇంకో తలనొప్పి. ఆ డబ్బులో కొంత సరుకు ఇచ్చిన కంపెనీకే పోతుంది. స్కూలుకు మిగిలేదెంతో ముందే చెప్పాలి కదా? పైగా ఎక్కువ అమ్మినవాళ్లకు క్లాసులో అందరి ముందూ బహుమతులు. అమ్మలేకపోయిన పిల్లలు ఎంత చిన్నబుచ్చుకుంటారో ఎవరూ ఆలోచించడం లేదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు.

మీటింగులో నోటిమాటగా అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. మీలో ఎవరైనా పేరెంట్స్ కమిటీలో డబ్బు వ్యవహారాలు చూసి ఉంటే దయచేసి చెప్పండి. వసూలైన మొత్తం, ఖర్చుల బిల్లులు, మిగులు, ఈ మూడూ రాతపూర్వకంగా అడిగితే సరిపోతుందా? ఒక పనికని తీసుకున్నది ఇంకోదానికి మళ్లించే ముందు మా అనుమతి తీసుకోమని అడగొచ్చా? గట్టిగా అడిగితే పాపను వేరుగా చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. నలుగురైదుగురు తల్లిదండ్రులం కలిసి సంతకాలు పెట్టి లెటర్ ఇస్తే మేలంటారా?