అప్‌డేట్: వరిలో నల్ల పురుగులు తాటాకు తెగులు కాదు, కీచురాళ్లు

గుంటూరు దగ్గర మా వరిలో ఆకుల మీద గెంతే చిన్న నల్ల పురుగులు కనిపించాయని, తాటాకు తెగులేమో (ఆకులు గీకి తినే హిస్పా పెంకుపురుగు), మందు కొట్టాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

భూతద్దంతో మీసాలు చూడమన్న సలహా పనిచేసింది. మీసాలు కీచురాళ్లకు ఉన్నట్టే ఒంటి కంటే చాలా పొడవు. ఆడవాటికి వెనక గుడ్లు పెట్టే గొట్టం చిన్న కత్తిలా పైకి వంగి ఉంది. ఫోటోలు కీటకశాస్త్రం చెప్పే మేడమ్‌కి పంపితే ఇది ‘మెటియోకే’ (Metioche) అనే చిన్న కీచురాయి అన్నారు. చారల లేత పిల్లలు కూడా అవేనట, నేను వేరే పురుగనుకున్నాను!

ఈ గుంపును ఇదివరకు మామూలు కీచురాళ్ల కుటుంబం గ్రిల్లిడేలో ఉపకుటుంబంగా చూసేవారు. ఇప్పుడు ట్రైగోనిడిడే అనే వేరే కుటుంబం. ఇందులోనే ఎర్ర కాళ్లతో, అచ్చం పెంకుపురుగులా మెరిసే ట్రైగోనిడియం కూడా ఉంది. దాని మగది కూయదు.

ముఖ్యమైన మాట: మెటియోకే ఆకుముడత, కాండం తొలిచే పురుగుల గుడ్లు తింటుంది. ఆకుల మీద తెల్ల చారలు ఆకుముడతవే, వీటికి సంబంధం లేదు.

మందు కొట్టలేదు. నాన్నగారికి చేలో చూపించాను, ఆయనకీ టెన్షన్ తగ్గింది.