కాస్టిక్ ద్రావణం సాంద్రతను బట్టి గాఢత చెప్పవచ్చా?

ప్రశ్న (అంబాజీపేట):
అందరికీ నమస్కారమండి. మా కొబ్బరినూనెతో ఇంటి దగ్గరే సబ్బులు చేస్తున్నాను. నిన్న 800 గ్రాముల నీటిలో 200 గ్రాముల కాస్టిక్ సోడా రేకులు కొద్దికొద్దిగా కలిపి, ఇంకా వేడిగా ఉండగానే సాంద్రత కొలిచే హైడ్రోమీటరు వేస్తే 1.20 చూపింది. పట్టికలో 20 శాతానికి 1.219 అని ఉంది, 1.20 అంటే 18 శాతం పైచిలుకే. పైగా ద్రావణం జాడీలో లీటరు గీతకు చాలా కిందనే ఆగిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

జవాబు (కాకినాడ):
ఆ పట్టిక 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేసినదండి. ఇదే ద్రావణం 60 డిగ్రీల వేడిలో దాదాపు 1.20కి దిగుతుంది కనుక, చల్లార్చి మళ్లీ చూడండి. ఇక లీటరు గీత మాటకొస్తే, 1000 గ్రాములను 1.219తో భాగిస్తే వచ్చేది 820 మిల్లీలీటర్లే. కాస్టిక్ అయాన్లు చుట్టూ ఉన్న నీటి అణువులను దగ్గరకు లాగి బిగిస్తాయి. ఎంతగా అంటే, లీటరు మంచినీటిలో 998 గ్రాముల నీరుంటే, 4 శాతం ద్రావణం లీటరులో కాస్టిక్ పోగా నీరే 1001 గ్రాములు ఉంటుంది! నాకు ఎన్నిసార్లు లెక్క కట్టినా వింతగానే ఉంటుంది. 10 శాతానికి 1.109, 30కి 1.328, 50కి 1.525 కాబట్టి, శాతానికి సుమారు 0.011 చొప్పున పెరుగుతుందనుకోవచ్చు. చిక్కటి ద్రావణాల్లో ఆ పెరుగుదల కాస్త మందగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చల్లార్చి చూస్తే 1.21 వచ్చిందండి. అంటే 19 శాతం చిల్లర. వానాకాలం నుంచి మూతి విప్పి ఉన్న సంచి అది, రేకులు చెమ్మగిల్లి ముద్దకట్టాయి.

జవాబు (రాజమహేంద్రవరం):
అలాగైతే ఆ 19ని కూడా నమ్మకండి. రేకులు మన గాలిలోని తేమతోపాటు కార్బన్ డయాక్సైడును కూడా పీల్చుకొని కొంత సోడియం కార్బనేటుగా మారతాయి. 10 శాతం కార్బనేటు సాంద్రత 1.103, అదే శాతం కాస్టిక్‌ది 1.109, ఈ రెంటినీ విడదీసి చూపడం హైడ్రోమీటరు వల్ల కాదు, కానీ నూనెను సబ్బు చేయడంలో కార్బనేటు కాస్టిక్‌కు సాటిరాదు. 10 గ్రాముల ద్రావణాన్ని 500 మిల్లీలీటర్లకు పలుచన చేసి, అందులో 25 మిల్లీలీటర్లు తీసుకొని, కార్బనేటు లెక్కలోకి రాకుండా బేరియం క్లోరైడు కలిపి, ఫినాఫ్తలీన్ సూచికతో 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. గులాబీ రంగు 25 మిల్లీలీటర్లకు పోతే అసలైన 20 శాతం. 22కే పోతే మీ దగ్గరున్న కాస్టిక్ 17.6 శాతమే.