లక్ష దాటే టేక్‌డౌన్ లాంగ్‌బో: కొనచ్చా, వద్దా?

హన్మకొండ నారి
మూడేళ్లుగా క్లబ్ విల్లుతోనే వేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. నాకు కావలసింది 68 అంగుళాల లాంగ్‌బో (పొడుగాటి సాదా విల్లు), నారిని 28 అంగుళాలు లాగితే 45 పౌండ్ల బలం పట్టేది, మధ్యలో రెండు ముక్కలుగా విడిపోయే టేక్‌డౌన్. అమెరికాలో ఒక్కడే కూర్చుని చేత్తో చేసే పనివాడు ఒకాయన ఉన్నాడు, ఆయనకు మెయిల్ పెట్టాను. ఒకే ముక్కది 700 డాలర్లు, టేక్‌డౌన్ అయితే 900 అన్నాడు. పంపడానికి 150. కస్టమ్స్ కలిపితే ఎంత తక్కువ లెక్కేసినా లక్ష దాటుతోంది. సగం డబ్బు ముందే కట్టాలి, వంతు వచ్చేసరికి ఎనిమిది నెలలు.

టేక్‌డౌనే ఎందుకంటే, నాకు కారు లేదు. ఐదున్నర అడుగుల కట్టెను వీపుకు కట్టుకుని బండి మీద నయీంనగర్ దాటి చూడండి, వెనకవాళ్లు హారన్ కూడా కొట్టరు, భయపడి ఆగిపోతారు. రైలు ఎక్కితే పై బెర్తు మొత్తం దానికే పోతుంది. విప్పితే మూడడుగుల సంచిలో పడిపోతుంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఆ రేటు పెట్టచ్చా?

కాజీపేట లోకో
నాకు ఒక్కటే డౌటు. ఒకే ముక్క 700. అదే విల్లును మధ్యలో కోస్తే 900. అంటే కోసినందుకు 200 డాలర్లు, మన లెక్కలో పదిహేడు పద్దెనిమిది వేలు. సా మిల్లుకు పోతే చాయ్ డబ్బులకు కోసిస్తాడు. మా ఇంట్లో పందిరి మంచం కూడా విప్పి పెట్టుకునేదే. విప్పుకునేది చేశానని వడ్లాయన పైసా ఎక్కువ తీసుకోలేదు.

బేర్‌బో బావ
కోయించుకుని రా అన్నా. నారి ఎక్కించే రోజు పిలువు, దూరంగా నిలబడి చూస్తాం.

ఎన్ఐటీ పాత కాపు
కస్టమ్స్ వాళ్లు విల్లు ధర ఒక్కదాని మీదే వేయరు, పంపే ఖర్చునూ కలిపి ఆ మొత్తం మీద లెక్కేస్తారు. కొరియర్ వాడి చార్జీలు మళ్లీ వేరు. ఇంకోటి, బాణాల సంగతి మర్చిపోయారు. విలువిద్య అంతర్జాతీయ సంస్థ వరల్డ్ ఆర్చరీ పెట్టే 3డీ పోటీల్లో (జంతువుల బొమ్మలకు గురిపెట్టేవి) లాంగ్‌బో విభాగంలో చెక్క బాణాలే వాడాలి, ఈకలు కూడా అసలైనవే. డజను బాణాలు బరువులోనూ వంగుడులోనూ ఒకదానికొకటి సరిపోవాలి. అవీ విరుగుతాయి, అవీ కొనాలి.

చెక్కపొడి
లోకో అన్నా, మధ్యలో కోస్తే టేక్‌డౌన్ రాదు, రెండు వంటచెరకు ముక్కలు వస్తాయి.

నేను వరంగల్‌లో చెక్క పనే చేస్తాను. కూడు పెట్టేది తలుపులు, కిటికీలు. విళ్లు నా పిచ్చి. ఆరేళ్లలో పందొమ్మిది చేశాను, అందులో ఏడు విరగనన్నా విరిగాయి, పొరలన్నా విడిపోయాయి. ఆ ఏడింటి ఖర్చు ఎవరూ ఇవ్వలేదు. మిగతా పన్నెండింటి మీదే పడింది.

లాంగ్‌బో లింబ్, అంటే పిడికి పైనా కిందా వంగే భాగం, ఒక్క చెక్క కాదు. ముందు వెనకల ఫైబర్‌గ్లాస్, మధ్యలో వెదురో, మేపుల్ చెక్కో రెండు మూడు పొరలు. ఆ ఫైబర్‌గ్లాస్ కూడా నీళ్ల ట్యాంకులకు, పడవలకు వాడే చాప కాదు. పోగులన్నీ నిలువునా ఒకే దిక్కున ఉండే పట్టీ, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. మధ్య పొర పిడి దగ్గర మందంగా మొదలై కొసకు పోను పోను సన్నబడాలి. ఎంత అంటారా, ఒక్కో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు. తల వెంట్రుక అంతకన్నా మందం ఉంటుంది. కంటికి కనపడదు కాబట్టి కాలిపర్‌తో కొలుచుకుంటూ శాండర్ మీద దించాలి. ఆ తర్వాత ఎపాక్సీ జిగురు పూసి, అచ్చులో బిగించి, వేడి పెట్టెలో గంటల కొద్దీ ఉంచాలి. బయటికి తీశాక టిల్లరింగ్. గోడకు కొట్టిన కొయ్యకు విల్లు తగిలించి, తాడూ పుల్లీతో అంగుళం అంగుళం కిందికి లాగుతూ, రెండు లింబ్‌లూ ఒకేలా వంగుతున్నాయా అని చూస్తాం. బిరుసుగా ఉన్నవైపు కొంచెం గీకుతాం. మళ్లీ లాగుతాం. ఒక్క సాయంత్రం ఎక్కువ గీకితే 45 పౌండ్ల విల్లు 40 అయి కూర్చుంటుంది. అడిగినవాడు తీసుకోడు.

ఇప్పుడు మీ 200 డాలర్ల సంగతి. పిడిలో ఒక సగానికి నాలుకలాంటిది ఉంటుంది, రెండో సగానికి అది దూరే గూడు. నాలుకకు మైనం పట్టించి, దాని చుట్టూనే గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ చుట్టి గూడు తయారుచేస్తాం. అందుకే ఆ నాలుక ఆ గూట్లో తప్ప ఇంకెక్కడా పట్టదు. కాస్త లూజైతే బాణం వదిలిన ప్రతిసారీ చేతిలో టక్కుమంటుంది. కాస్త తిరిగిందంటే నారి లింబ్ నడిమి నుంచి పక్కకు జరుగుతుంది, ఇక ఆ విల్లు గోడకు తగిలించుకోవడానికే. వెయ్యిసార్లు విప్పి కలిపినా వెయ్యిసార్లూ అదే చోట కూర్చోవాలి. నా మొదటి జాయింట్ కుదరడానికి పదకొండు రోజులు పట్టింది.

కాజీపేట లోకో
వివరంగా చెప్పారు, సంతోషం. కానీ 200 డాలర్లా? డీజిల్ షెడ్డులో మేము పిస్టన్లు ఇంతకన్నా కచ్చితంగా కూర్చోబెట్టాం. నెల జీతానికే చేశాం. పిస్టన్‌కు ఇంత అని ఎవడూ ఇవ్వలేదు.

ములుగు క్రాస్
రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) తీసుకో తమ్మీ. మూడు ముక్కలుగా విప్పుకునేదే ఉంటుంది. లింబ్ పాడైతే లింబే మార్చుకోవచ్చు. ఒలింపిక్స్‌లోనూ అదే. 2028లో కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) మిక్స్‌డ్ టీమ్ కూడా వస్తోంది. లాంగ్‌బోతో ఎక్కడికి పోతావు? మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి చికిత తానిపర్తి 2025లో విన్నిపెగ్‌లో ప్రపంచ యూత్ ఛాంపియన్ అయింది. అదీ కాంపౌండ్‌తోనే.

హన్మకొండ నారి
అన్నా, నాకు పతకం వద్దు. వయసు ముప్పై తొమ్మిది. గురి చూసే సైటు, విల్లు ఊగకుండా పట్టే స్టెబిలైజర్ ఏవీ లేకుండా ఆదివారం పొద్దున రెండు గంటలు బాణం వేస్తే వారం గడిచిపోతుంది. అంతే.

కాజీపేట లోకో
ఆ అమ్మాయి పేరు చెప్పి ఎంతమంది తండ్రులు అప్పులపాలయ్యారో లెక్క తీయండి. ఆ పిల్ల కష్టం పిల్లది, నేను కాదనను. మా వాడికి ఇంటర్‌లో ఉండగా కాంపౌండ్ కొనిచ్చాను. పీఎఫ్ తీసి 2 లక్షల 40 వేలు. అమ్మినవాడు కూడా ఇట్లాగే అంగుళంలో వెయ్యో వంతు కథలు చెప్పాడు. మావాడు ఏడాదిన్నర వేశాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. విల్లు బీరువా మీద ఉంది. దసరాకు బూజు దులిపేటప్పుడు దించుతాం, మళ్లీ పెడతాం. అమ్ముదామంటే అరవై వేలకు అడుగుతున్నారు.

బేర్‌బో బావ
అరవైకి నేను తీసుకుంటా.

కాజీపేట లోకో
ఇవ్వను.

ఏటూరునాగారం
చదువుతూ ఊరుకుందాం అనుకున్నా. ఊరుకోలేక రాస్తున్నా.

మా తాత విల్లు ఇప్పటికీ ఇంట్లో ఉంది. వెదురు విల్లు, నారి కూడా వెదురు బద్దే. ముదురు వెదురు చూసి నరికి, చీల్చి, పొయ్యి మీద అటకలో పొగకు నెలల తరబడి ఉంచేవాడు. వేళ్లతో తడుముతూ కత్తితో గీకేవాడు, పక్కన కాలిపర్ లేదు. వేసవిలో నారి బిగుసుకుంటుందని, వానకాలం సాగుతుందని అతనికి తెలుసు. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుకు విడిగా ఒక విభాగం ఉంది, 30 మీటర్లు, 50 మీటర్లు వేస్తారు. అంటే ఇది ఆటకు పనికిరాని విల్లేమీ కాదు.

2024 జాతరకు మా మేనమామ మేడారం రోడ్డు పక్కన పది విళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి 400 చెప్పాడు. కార్లు ఆపి దిగినవాళ్లు 150కి అడిగారు. ఒకాయన రెండు తీసుకుని 250 చేతిలో పెట్టి పోయాడు. ఇప్పుడు ఇక్కడ అమెరికా పనివాడి చేతికి లక్ష ఇవ్వచ్చా అని చర్చ. ఇవ్వండి. కానీ చేత్తో చేసిన పని అంటే గౌరవం అని మాత్రం అనకండి.

హన్మకొండ నారి
అన్నా, గౌరవం అని నేను అననే లేదు. పైగా జాతరలో అమ్మేవి బొమ్మలు. వాటిని 45 పౌండ్ల లాంగ్‌బోతో పోలిస్తే ఎట్లా?

ఏటూరునాగారం
బొమ్మనా? లాగి చూసి అన్నావా, కారు కిటికీలోంచి చూసి అన్నావా?

హన్మకొండ నారి
నాకు కారు లేదని మొదటి పోస్టులోనే రాశాను.

ములుగు క్రాస్
ఇదే గొడవ మన వరంగల్ కొత్తవాడ దుర్రీలది (చేనేత జంపఖానాలది) కూడా. 2018లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకే అనే ముద్ర) వచ్చింది. బేరం మాత్రం అట్లాగే ఉంది.

అడ్మిన్
టాపిక్ మీద ఉండండి.

చెక్కపొడి
టాపిక్ మీదే ఉంటాను. నారి తమ్మీ, నేనూ చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నా. పోయిన దసరాకు ముందు నా షెడ్డుకు వచ్చింది నువ్వే కదా? ఇదే 68 అంగుళాలు, ఇదే 45 పౌండ్లు, ఇదే టేక్‌డౌన్. 32 వేలు చెప్పాను. గ్లాస్, ఎపాక్సీ, నారి దారం అన్నీ కలిపి సామానుకే పదకొండు పోతుంది అని బిల్లు కూడా చూపించాను. 18కి చెయ్యమన్నావు. "కట్టె మన దగ్గరిదే కదా అన్నా" అన్నావు. అమెరికా ఆయన్ని ఒక్క డాలర్ తగ్గించమని అడిగావా?

బేర్‌బో బావ
అయ్యో.

హన్మకొండ నారి
అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా చెప్తాను, మీరు నన్ను పిసినారిని చేసి కూర్చోబెట్టారు కాబట్టి. ఆయన రెండేళ్ల గ్యారంటీ కాగితం మీద రాసిచ్చాడు. లింబ్ విరిగితే కొత్తది చేసిస్తానన్నాడు. మీరు పందొమ్మిదిలో ఏడు పోయాయని మీరే రాశారు. నేను గ్యారంటీ అడిగితే ఏమన్నారు? "విల్లుకు గ్యారంటీ ఏంది తమ్మీ, మనిషికే లేదు" అన్నారు. నవ్వాను, చాయ్ తాగి వచ్చేశాను. 18 అని అడగడం నా తప్పే. కానీ నా లెక్క అది. రిస్కు మొత్తం నాదే అయితే ధరలో సగం నాకు తగ్గాలి. లక్షలో నేను కొంటున్నది అమెరికా కట్టెను కాదు, ఆ కాగితాన్ని.

ఎన్ఐటీ పాత కాపు
ఈ మాట మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా ఆ కాగితం పట్టుకుని విరిగిన విల్లును మళ్లీ అమెరికా పంపే ఖర్చు ఎవరిదో రాశాడా?

హన్మకొండ నారి
అది నాదే.

చెక్కపొడి
గ్యారంటీ ఎందుకు ఇవ్వనో చెప్తాను. ఒకసారి ఇచ్చాను. మూడేళ్ల కిందట, ఒకరికి 50 పౌండ్లది. మే నెలలో కారు డిక్కీలో పెట్టుకుని రామగుండం దిక్కు పెళ్లికి పోయారు. బయటే 44 డిగ్రీలు, మూసిన డిక్కీలో ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఎపాక్సీ వేడికే గట్టిపడుతుంది, మరీ వేడెక్కితే మెత్తబడుతుంది కూడా. సాయంత్రం నారి ఎక్కించగానే కింది లింబ్ పొరలు పుస్తకంలాగా తెరుచుకున్నాయట. తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. మొత్తం డబ్బు తిరిగిచ్చాను. ఆ నెల మా అమ్మాయి ఫీజు వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎవరికీ రాసివ్వను.

కాజీపేట లోకో
ఆ డిక్కీ ఎవరిది?

బేర్‌బో బావ
నాది.

బేర్‌బో బావ
ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా. పొద్దున పదకొండు నుంచి మూడింటిదాకా ఎండలోనే ఉంది. కానీ అన్నా, డిక్కీలో పెట్టకూడదని నాకు మీరు చెప్పలేదు.

చెక్కపొడి
చెప్పాను. విల్లు చేతికి ఇస్తూ చెప్పాను.

బేర్‌బో బావ
ఎండలో పెట్టకు అన్నారు. డిక్కీలో ఎండ ఎక్కడుంది?

అడ్మిన్
డిక్కీ పంచాయితీ మీరిద్దరూ ప్రైవేటుగా చూసుకోండి.

ఏటూరునాగారం
మా మామ 125కు ఇచ్చిన విల్లుకు కూడా ఎవరో గ్యారంటీ అడిగారు. నిజం. "విరిగితే మళ్లీ జాతరకు రా, ఇంకోటి ఇస్తా" అన్నాడు.

హన్మకొండ నారి
ఏటూరునాగారం అన్నా, బొమ్మలు అన్నది తప్పే. లాగి చూడలేదు.

చెక్కపొడి అన్నా, ఒక మాట. 32కే, రూపాయి తగ్గించమని అడగను. రెండేళ్లు వద్దు. ఒక్క వేసవి దాటేదాకా గ్యారంటీ రాసిస్తారా? జూన్‌లో వాన పడ్డాక విరిగితే నా ఖర్మ.

చెక్కపొడి
డిక్కీలో పెట్టనని నువ్వు రాసిస్తే.

హన్మకొండ నారి
నాకు కారు లేదన్నా.

చెక్కపొడి
స్నేహితుల కార్లు కూడా రాయి. ఆదివారం పదింటికి రా, అచ్చు చూద్దువు. బయానా పదిహేను తెచ్చుకో. అమెరికా ఆయనకు సగం కట్టేశావా?

హన్మకొండ నారి
ఇంకా లేదు. ఈ నెలాఖరుకు టైమిచ్చాడు.

కాజీపేట లోకో
అంతా బాగుంది. మీ 32 వేలలో ఆ జాయింట్ ఒక్కదానికి ఎంత వేశారు?