వర్జీనియా గవర్నర్ ఎన్నిక: స్పాన్‌బర్గరా, ఎర్ల్-సియర్సా? మొదటి ఓటు, కాస్త వివరంగా చెప్పండి

ఆష్‌బర్న్‌వాసి (ప్రశ్న, 2025 అక్టోబర్ 13)

అందరికీ నమస్కారం. మావారికీ నాకూ ఈ ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది. నవంబర్ 4న జరిగే గవర్నర్ ఎన్నికే మాకు ఇక్కడ మొదటి ఓటు. గవర్నర్ యంగ్‌కిన్ (రిపబ్లికన్) ఈసారి పోటీలో లేరు కాబట్టి ఇద్దరూ కొత్తవాళ్లే. డెమోక్రాట్ల తరఫున అబిగైల్ స్పాన్‌బర్గర్, రిపబ్లికన్ల తరఫున ఇప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ విన్సమ్ ఎర్ల్-సియర్స్. ఎవరు గెలిచినా వర్జీనియాకి మొదటి మహిళా గవర్నర్ అట. అది బాగుంది, కానీ దాన్ని బట్టి ఓటు తేలదు కదా.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో సగం మంది హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారన్న కోపంతో స్పాన్‌బర్గర్‌కే అంటున్నారు. మిగతా సగం స్కూళ్లలో ట్రాన్స్‌జెండర్ పిల్లలు ఏ బాత్రూము వాడాలన్న గొడవ చూపించి ఎర్ల్-సియర్స్‌కే అంటున్నారు. మా ఇంటికి సంబంధించిన మాట మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మొన్న 5వ తారీఖున రెండు కార్లకీ పన్ను రెండో వాయిదా కట్టాం. కరెంటు బిల్లు పెరుగుతోంది. వాక్స్‌పూల్ రోడ్డు పొడుగునా డేటా సెంటర్లే. రాత్రి కిటికీ తీస్తే ఆ హోరు పడగ్గదిలోకి వస్తుంది. పాప ఏడో తరగతి, టీజే (థామస్ జెఫర్సన్) అనే పేరున్న ప్రభుత్వ హైస్కూల్ మీద ఆశ పెట్టుకుంది. మావారిది ఫెడరల్ కాంట్రాక్టు పని, 1వ తారీఖున షట్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి ఇంట్లోనే ఉన్నారు.

ఇందులో గవర్నర్ వల్ల మారేవి ఏవి? ఆ విషయాల్లో ఇద్దరికీ తేడా ఏమిటి? ఇంకోటి, లెఫ్టినెంట్ గవర్నర్‌గా పోటీ చేస్తున్న గజాలా హాష్మీ హైదరాబాద్‌లో పుట్టారట. మనవాళ్లని వేసేయవచ్చా?

తెనాలి_టు_హెర్న్‌డన్

ఆష్‌బర్న్‌వాసి గారూ, సరైన చోట పట్టుకున్నారు. గవర్నర్ చేతిలో ఏముందో తెలియకుండా ఇద్దర్నీ పోల్చి లాభం లేదు. హెచ్1బీ వాషింగ్టన్ వ్యవహారం, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఎవరు కూర్చున్నా ఆ ఫీజు మారదు. దాన్ని పక్కన పెట్టేయండి.

వర్జీనియా గవర్నర్‌కి ఉండేది నాలుగేళ్లే. పదవిలో ఉన్నవాళ్లు వెంటనే రెండోసారి పోటీ చేయకూడదన్న నిబంధన దేశం మొత్తమ్మీద ఒక్క మన రాష్ట్రంలోనే ఉంది. పైగా కొత్త గవర్నర్ జనవరిలో ప్రమాణం చేసేసరికి రెండేళ్ల బడ్జెట్‌ని పాత గవర్నర్ డిసెంబర్‌లోనే రాసి అసెంబ్లీకి ఇచ్చేసి ఉంటారు. వచ్చినవాళ్లు దానికి సవరణలు పంపించుకోవాలి. అందుకే మొదటి రోజే పన్ను తీసేస్తామనే మాట ఎవరి నోట విన్నా నేను ఆగి ఆలోచిస్తాను.

కార్ల పన్ను సంగతే చూడండి. ఎర్ల్-సియర్స్ దాన్ని ఎత్తేస్తామంటున్నారు. 1997లో జిమ్ గిల్‌మోర్ సరిగ్గా ఈ నినాదంతోనే గెలిచారు. 1998లో చట్టమూ వచ్చింది. తీరా ఖర్చు మోయలేక రాష్ట్రం తన వాటాని ఏడాదికి 95 కోట్ల డాలర్ల దగ్గర ఆపేసింది. మిగతాది ఇప్పటికీ మీరూ నేనూ కడుతున్నాం. రేటు పెట్టేది కౌంటీ, వసూలు చేసుకునేదీ కౌంటీయే. ఆ డబ్బుతోనే స్కూళ్లు, ఫైర్ స్టేషన్లు నడుస్తున్నాయి. దాన్ని తీసేస్తే కౌంటీలకి బదులు ఏమిస్తారన్న లెక్క ఎర్ల్-సియర్స్ ప్రచారంలో నాకు కనబడలేదు. యంగ్‌కిన్ కూడా 2024 డిసెంబర్‌లో కార్ల పన్ను ఊరటకని ఒక క్రెడిట్ ప్రతిపాదించారు, అసెంబ్లీ పడనివ్వలేదు. దాని బదులు వాళ్లు ఒప్పుకున్నదే ఈ నెలలో వస్తున్న రిబేటు, ఒంటరివాళ్లకి 200, దంపతులకి 400 డాలర్ల దాకా.

కరెంటు, డేటా సెంటర్లు. దీని మీదే నాకు చెప్పాల్సింది ఎక్కువ. మన కరెంటు కంపెనీ డొమినియన్ రేట్లు తేల్చేది స్టేట్ కార్పొరేషన్ కమిషన్. అందులో ముగ్గురు జడ్జిలుంటారు, వాళ్లని ఎన్నుకునేది అసెంబ్లీ, గవర్నర్ కాదు. ఎక్కడ డేటా సెంటర్ కట్టాలో తేల్చేది కౌంటీ బోర్డు. మీ లౌడన్ బోర్డు ఈ మార్చిలోనే రూలు మార్చింది. ఇక కొత్తవాటికి బోర్డు ముందుకొచ్చి అనుమతి తీసుకోవాల్సిందే. అయితే ఆ సెంటర్ల పన్నుల వల్లే లౌడన్‌లో ఇంటి పన్ను మా ఫెయిర్‌ఫాక్స్ కంటే బాగా తక్కువని కూడా గుర్తుంచుకోవాలి. మాకు వంద డాలర్ల విలువకి డాలరు దాటింది, మీకు ఇంకా డాలరు లోపే.

మరి గవర్నర్ ఎక్కడ వస్తారు? సంతకం దగ్గర. ఇళ్లకీ స్కూళ్లకీ దగ్గర్లో పెద్ద డేటా సెంటర్ కట్టాలంటే ముందు దాని శబ్దం ఎంతో లెక్క కట్టి చూపించాలని ఈ ఏడాది అసెంబ్లీ ఒక బిల్లు పంపింది. హెచ్‌బీ 1601. యంగ్‌కిన్ దాన్ని వీటో చేశారు. మీ పడగ్గదిలోకి వచ్చే హోరుకి గవర్నర్‌తో ఉన్న నేరు సంబంధం అదే. అసెంబ్లీ పరిశీలన సంస్థ 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. డేటా సెంటర్లకి అడ్డూ అదుపూ లేకపోతే రాష్ట్రంలో కరెంటు అవసరం పదేళ్లలో రెట్టింపవుతుందని అందులో తేల్చింది. ఆ లైన్లూ ప్లాంట్లూ ఎవరి ఖర్చుతో వేయాలన్నదే వచ్చే నాలుగేళ్ల కొట్లాట. డేటా సెంటర్లు తమ వాటా తామే భరించాలని స్పాన్‌బర్గర్ తన ప్రణాళికలో పెట్టుకున్నారు. ఎర్ల్-సియర్స్ తప్పంతా 2020 నాటి క్లీన్ ఎకానమీ చట్టానిదే (బొగ్గు, గ్యాస్ బదులు కాలుష్యం లేని కరెంటుకి మారాలనేది) అంటున్నారు. ఆ చట్టంలో ఇబ్బందులు లేవనను. కానీ వాక్స్‌పూల్ రోడ్డు మీద పగలూ రాత్రీ కరెంటు తాగుతున్నది ఏమిటో కళ్ల ముందే ఉంది.

వీటో గురించి ఇంకొక్క మాట. 2024లో యంగ్‌కిన్ 201 బిల్లులు వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. ఇప్పుడు డెమోక్రాట్లకి హౌస్‌లో 51-49, సెనేట్‌లో 21-19 ఆధిక్యమే ఉంది. అంటే ఆ కలం పట్టుకున్నవాళ్లే చివరి మాట చెబుతారు.

టీజే పేరుకి గవర్నర్స్ స్కూలే గానీ అడ్మిషన్లు ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డువి. 2020లో ప్రవేశ పరీక్ష తీసేశారు, తల్లిదండ్రులు కోర్టుకి వెళ్లారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. గవర్నర్ ఎవరైనా అది మారదు. మీ పాపకి గవర్నర్ అవసరం వచ్చేది కాలేజీ దగ్గర. యూవీఏ (యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా), వర్జీనియా టెక్, జార్జ్ మేసన్ బోర్డుల్లో ఎవరు కూర్చోవాలో నియమించేది గవర్నరే. ఫీజులు పెంచేదీ ప్రెసిడెంట్లని పెట్టేదీ తీసేదీ ఆ బోర్డులే. మొన్న జూన్‌లో యూవీఏ ప్రెసిడెంట్ జిమ్ ర్యాన్ ఫెడరల్ ఒత్తిడి మధ్య రాజీనామా చేశారు. బోర్డు ఆయన వెనక నిలబడాల్సింది, నిలబడలేదని నా అభిప్రాయం. ఈ బోర్డుల నియామకాల తీరు మారుస్తానని స్పాన్‌బర్గర్ చెప్పారు.

2021లో నేను యంగ్‌కిన్‌కి వేశాను. ఈసారి స్పాన్‌బర్గర్‌కి ఇప్పటికే వేసి వచ్చాను. ఎర్ల్-సియర్స్ జీవితం మీద నాకు గౌరవం ఉంది. జమైకాలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికొచ్చి, మెరైన్స్‌లో పనిచేసి ఇంత దూరం వచ్చారు. కానీ 9వ తారీఖు నార్ఫోక్ స్టేట్ యూనివర్సిటీలో జరిగిన డిబేట్ మొత్తం చూశాను. ఆవిడ సమయమంతా ఎదుటివాళ్ల మాటకి అడ్డుపడటంతోనే గడిచిపోయింది. స్పాన్‌బర్గర్ రాష్ట్రం లెక్కలు మాట్లాడారు. ఉద్యోగానికి యూనియన్‌లో చేరాలనో చందా కట్టాలనో బలవంతం చేయకూడదనే రైట్-టు-వర్క్ చట్టాన్ని పూర్తిగా ఎత్తేయడానికి ఒప్పుకోనని సొంత పార్టీకే చెప్పారు, అది నాకు నచ్చింది. అదే డిబేట్‌లో, అటార్నీ జనరల్‌గా పోటీ చేస్తున్న డెమోక్రాట్ జే జోన్స్ ఒక మాజీ స్పీకర్ గురించి పంపిన హింసాత్మక పాత మెసేజ్‌ల సంగతి అడిగితే వాటిని ఖండించి, మద్దతు ఉంచుతున్నారో లేదో తేల్చలేదు. అది నచ్చలేదు.

సౌత్‌రైడింగ్_నాన్న

తెనాలి గారూ, వీటో లెక్క చెప్పారు, చాలా బాగుంది. కానీ అదే లెక్కతో నేను అవతలి వైపు తేలాను. అసెంబ్లీ రెండు సభలూ డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి. గవర్నర్ కూడా వాళ్లే అయితే బ్రేకు ఎక్కడుంది? 15 డాలర్ల కనీస వేతనం, గంజాయి దుకాణాలు, యంగ్‌కిన్ ఆపిన ఇలాంటివన్నీ మళ్లీ వస్తాయి. కనీస వేతనం మంచిదే కావచ్చు, మా తమ్ముడికి స్టెర్లింగ్‌లో చిన్న రెస్టారెంటు ఉంది, వాడి మాట వేరు. గంజాయి కొట్టు మా పిల్లలు నడిచే ప్లాజాలో పెడితే నేను తట్టుకోలేను.

స్కూళ్ల విషయం వాట్సాప్ గొడవ అని తీసేయకండి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. స్కూల్లో ఏం జరుగుతోందో నాకు ముందు చెప్పాలని అడగడం నా హక్కు. ఎర్ల్-సియర్స్ దాన్ని సూటిగా అంటున్నారు. ప్రైవేట్ స్కూలుకి వెళ్లాలనుకునే కుటుంబానికి ప్రభుత్వ డబ్బు కూడా వెంట రావాలంటున్నారు, స్పాన్‌బర్గర్ వద్దంటున్నారు. అక్రమంగా ఉన్నవాళ్ల విషయంలో రాష్ట్ర పోలీసులు ఐస్‌తో (ఫెడరల్ ఇమిగ్రేషన్ పోలీసులతో) కలిసి పనిచేయాలని యంగ్‌కిన్ ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చారు. స్పాన్‌బర్గర్ దాన్ని రద్దు చేస్తానన్నారు. లైన్లో నిలబడి, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకుని వచ్చినవాడిగా నాకది మింగుడుపడదు.

అటార్నీ జనరల్ ఓటు కూడా విడిగా ఉంటుంది. జోన్స్ మాజీ స్పీకర్ గురించి పంపిన ఆ మెసేజ్‌లు చదివాక నా ఓటు రిపబ్లికన్ అభ్యర్థి మియారెస్‌కే, ఇంకో ఆలోచన లేదు.

సిల్వర్‌లైన్_ప్రయాణికుడు

నాదీ మీ ఆయన పరిస్థితే అక్కా. షట్‌డౌన్ తెరవడం గవర్నర్ వల్ల కాదు, ఆ మాట ముందే అనుకుందాం. కానీ ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి ఫెడరల్ ఉద్యోగాల కోతల్లో మన నార్తర్న్ వర్జీనియా ఎంత నలిగిందో ఆష్‌బర్న్ స్టేషన్ పార్కింగ్‌లో నిలబడితే తెలుస్తుంది. మా టీంలో ఏడుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు ముగ్గురం. మా బాధ్యత నాది అని గట్టిగా మాట్లాడే గవర్నర్ కావాలి నాకు. ఆ కోతల మీద ట్రంప్‌ని ఎదిరించి మాట్లాడుతున్నది స్పాన్‌బర్గరే. అబార్షన్ విషయం కూడా ఎవరూ అనలేదు. అబార్షన్ హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణ తీర్మానానికి గవర్నర్ సంతకం అక్కర్లేదు, అసెంబ్లీ రెండుసార్లు ఆమోదిస్తే నేరుగా మన ఓటుకే వస్తుంది. అయినా మనిషి ఎటు నిలబడ్డారో తెలియాలి. సభాధ్యక్షురాలిగా ఆ బిల్లు మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఎర్ల్-సియర్స్, తాను నైతికంగా వ్యతిరేకమని కాగితం మీద చేత్తో రాశారు. దాపరికం లేని మనిషి, ఒప్పుకుంటాను. నా అభిప్రాయం మాత్రం వేరు.

ఆష్‌బర్న్‌వాసి

అందరికీ ధన్యవాదాలు. శబ్దం బిల్లు సంగతి మాకు అస్సలు తెలియదు, మావారికి చదివి వినిపించాను. సౌత్‌రైడింగ్ గారూ, బ్రేకు మాట కూడా ఆలోచించదగ్గదే. తెనాలి గారూ, హాష్మీ గారి గురించి చెప్పలేదు. ఇంకో సందేహం. మా డ్రైవింగ్ లైసెన్సులు గ్రీన్ కార్డు ఉన్నప్పుడు తీసుకున్నవి. ఓటుకి ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

తెనాలి_టు_హెర్న్‌డన్

ముందు రెండోది, అది అర్జంటు. 2024 ఆగస్టులో యంగ్‌కిన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) రికార్డులో సిటిజన్ కాదని ఉన్నవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాతో రోజూ పోల్చి తీసేయమన్నారు. దాదాపు 1,600 పేర్లు తీశారు. కోర్టుకి వెళ్తే ఆ అక్టోబర్ 30న సుప్రీంకోర్టు తీసివేతలకి అనుమతిచ్చింది. తీసేసినవాళ్లలో నిఖార్సైన సిటిజన్లూ ఉన్నారు. పాత రికార్డు మార్చుకోని కొత్త సిటిజన్లకే ఈ చిక్కు. గవర్నర్ ఒక్క సంతకంతో మీలాంటివాళ్ల ఓటుని ఎలా తాకగలరో చూడండి. అందుకని రేపే రాష్ట్ర ఎన్నికల విభాగం సైట్‌లో మీ పేర్లు యాక్టివ్‌గా ఉన్నాయో లేదో చూసుకోండి. డీఎంవీలో కూడా సిటిజన్‌షిప్ మార్పించుకోండి. రిజిస్ట్రేషన్‌కి మామూలు గడువు అక్టోబర్ 24.

గడువు దాటినా ఓటు పోదు. పోయిన ఏడాది నవంబర్‌లో నేను ఒక పోలింగ్ కేంద్రంలో ఎన్నికల అధికారిగా కూర్చున్నాను. మన జంట ఒకటి వచ్చింది. ఆవిడ పేరు జాబితాలో ఉంది, ఆయన పేరు లేదు. ఆయన ముఖం ఎర్రబడిపోయి వెనక్కి తిరిగి వెళ్లబోయారు. ఆపి కూర్చోబెట్టి అక్కడికక్కడే రిజిస్ట్రేషన్ ఫారం నింపించి ప్రొవిజనల్ బాలట్ (అర్హత సరిచూశాక లెక్కించే తాత్కాలిక ఓటు) ఇచ్చాం. కవరు మీద సంతకం పెట్టి, అంటించి ఇచ్చి వెళ్లారు. మీకూ అలా జరిగితే అక్కణ్ణుంచి కదలకండి, ప్రొవిజనల్ బాలట్ అడగండి.

గుర్తింపుకి లైసెన్సు చాలు, పాతదైనా పర్లేదు. అది లేకపోతే మీ పేరు, చిరునామా ఉన్న కరెంటు బిల్లు చూపించినా తీసుకుంటారు. ఎర్లీ ఓటింగ్ నవంబర్ 1 శనివారం దాకా ఉంది.

ఇక హాష్మీ గారు. ఆవిడ పుట్టింది హైదరాబాద్‌లోనే, నాలుగేళ్ల వయసులో జార్జియాకి వచ్చేశారు. మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ పుట్టింది కూడా హైదరాబాదే. నేను సంతోషించాను గానీ పుట్టిన ఊరు చూసి వేయలేదు. లెఫ్టినెంట్ గవర్నర్ పని సెనేట్‌ని నడపడం, సమానంగా చీలినప్పుడు ఓటేయడం. 21-19 సభలో ఒక్కరు అటు మారితే ఆ ఓటే తేలుస్తుంది. హాష్మీ ఏళ్ల తరబడి కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు, సెనేట్‌లో విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలు. ఎదుట ఉన్న జాన్ రీడ్ రేడియో హోస్ట్, ఆయనకి ఇదే మొదటి పదవి అవుతుంది. బిల్లులు చదవడం తెలిసినవాళ్లు కావాలని ఆవిడకి వేశాను. బాలట్‌లో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ మూడూ వేర్వేరు ఓట్లు, ఒకే పార్టీకి వేయాలని లేదు. కింద మీ ప్రాంతం డెలిగేట్ (అసెంబ్లీ దిగువ సభ సభ్యుడు) ఓటు కూడా ఉంటుంది, వందకి వంద సీట్లకీ ఈసారే ఎన్నిక. హెచ్‌బీ 1601కి మీ డెలిగేట్ ఎటు ఓటేశారో అసెంబ్లీ సైట్‌లో బిల్లు నంబరు కొడితే వస్తుంది. వెళ్లేముందు అది చూసి వెళ్లండి.